ఇలోనా పేరు విన్న ఆదివారం

ఉదయం తొమ్మిదీ పదికి మా ఇంటి దగ్గరి స్కోఫీల్డ్స్ స్టేషన్‌లో రైలెక్కాం. నేను, పద్నాలుగేళ్ల మా అమ్మాయి సహస్ర, మహబూబాబాద్ నుంచి ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మా అమ్మ. పారమట్టా ఆఫీసులో నా పక్క సీటు డేనియల్‌ది. వాళ్ల నానమ్మ ఏవా గారికి తొంభై మూడేళ్లు. హిట్లర్ కాలంలో యూదుల్ని చంపిన శిబిరాల నుంచి బతికి బయటపడ్డ మనిషి. నెలకోసారి ఇక్కడి యూదుల మ్యూజియంలో ఆ కథ చెబుతారు. "ఇక ఓపిక లేదంటోంది, ఇదే చివరిసారి, రా," అన్నాడు డేనియల్. సహస్రకు స్కూల్లో హిస్టరీ ప్రాజెక్టు కూడా ఉంది. అమ్మను ఒక్కదాన్ని ఇంట్లో వదిలితే నా గరాజంతా సర్దేస్తుంది, అందుకని ఆవిడనూ బయల్దేరదీశాం.

అమ్మ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుంది. బ్లాక్‌టౌన్‌లో ఎక్కిన తెలుగావిడ వాసన పట్టేసింది. "మూత గట్టిగా పెట్టండి ఆంటీ, లేకపోతే నేనూ మీతోనే దిగిపోతా." ఆమె దిగేలోపు డబ్బాలో ఒక మూల ఖాళీ అయింది.

సెంట్రల్ చేరేసరికి పదింపావు. అక్కడి నుంచి బస్సులో పది నిమిషాలు. వెళ్లేవాళ్లకు ఒక మాట: గుమ్మంలోనే సంచులన్నీ వెతుకుతారు, చిన్న సంచి చాలు. గార్డు డబ్బా మూత తీసి, "స్మెల్స్ గుడ్," అని, లోపల మాత్రం తినకూడదని చెప్పి పంపాడు.

పదకొండుకు ఏవా గారు మొదలుపెట్టారు. పక్కింటావిడతో మాట్లాడుతున్నంత మామూలుగా చెప్పారు. నేను అమ్మ చెవిలో తెలుగు చేస్తూ వచ్చాను. పన్నెండేళ్లప్పుడు హంగరీ నుంచి పశువుల్ని తరలించే రైలుపెట్టెలో శిబిరానికి తెచ్చారట. దిగగానే తననో వరుసలోకి, వాళ్లమ్మనూ ఆరేళ్ల చెల్లెలు ఇలోనానూ ఇంకో వరుసలోకి నెట్టారు. ఆ రెండో వరుసను అటునుంచి అటే తీసుకెళ్లి చంపేశారు. మళ్లీ వాళ్లను చూడలేదు. "ఇలోనా ఫోటో ఒక్కటీ మిగల్లేదు. ఆ పిల్లను ఎరిగినవాళ్లలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా తర్వాత ఆ పేరు ఎవరు పలుకుతారు?" అన్నారు.

అయ్యాక అందరం టీ దగ్గర చేరాం. అమ్మ నేరుగా వెళ్లి ఏవా గారి చెయ్యి పట్టుకుంది. స్వెట్టర్ పైకి జరిగి, ముంజేతి మీద శిబిరంలో పొడిచిన నీలి అంకెలు కనిపించాయి. అమ్మ మొహం వెలిగిపోయింది. తన చెయ్యి కూడా ముందుకు చాపింది.

"నీకు గూడ పచ్చబొట్టు ఉన్నదా అవ్వా! ఎవలు పొడిచిండ్రు? నాది మా అక్క పేరు. జాతరల పొడిపిచ్చుకున్న."

"నానమ్మా, ప్లీజ్, డోంట్!" అంది సహస్ర. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏవా గారు మాత్రం ఏమంటోందని అడిగారు. తప్పక చెప్పాను. ఆవిడ అమ్మ చేతి మీది అక్షరాలను వేలితో తడిమారు.

"మీది పేరు. నాకిది పేరు లేకుండా చెయ్యడానికి పొడిచారు."

ఆ మాట తెలుగులో చెప్పాను. విన్నాక అమ్మ ఆవిడ స్వెట్టర్ చెయ్యి కిందికి లాగి సర్దింది. తర్వాత, "నీ చెల్లె పేరు నేను జెప్త తియ్యి అవ్వా. మా ఊళ్లె అందరికి జెప్త," అంది. నేనది ఇంగ్లీషులో చెప్పగానే ఏవా గారు నవ్వారు, కళ్లు కూడా తుడుచుకున్నారు.

పార్కులో పులిహోర తిని, మూడింటికి తిరుగు రైలెక్కాం. మా ఇంటి నుంచి ఒక రైలు, ఒక బస్సు, అంతే దూరం. పదమూడేళ్లుగా ఈ ఊళ్లో ఉండి ఇప్పుడా వెళ్లేది అని సిగ్గేసింది. స్వయంగా చెప్పగలిగినవాళ్లు ఉండగానే మీరూ వెళ్లి వినండి.

పారమట్టా దాటగానే అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఊళ్లో ఉన్న చెల్లెలికి చెప్పడం మొదలుపెట్టింది. "పేరు ఇలోనమ్మ. ఆరేండ్ల పొల్లనే. తల్లితోటి పాటే సంపిండ్రు."

"అయ్యో! ఏం జేసిందే గా పొల్ల?" అంది అట్నుంచి పిన్ని.

అమ్మ నావైపు చూసింది. ఎంత బతిమాలినా ఇంగ్లీషు వదలని సహస్ర ఫోన్ మీదికి వంగింది.

"ఏం చెయ్యలేదు, చిన్ననానమ్మా. ఏమీ చెయ్యలేదు."