లచ్చి తినని మనిషి

ఆవు గడ్డి తిన్నందుకు ఒకరోజు, తిననందుకు మరుసటి రోజు చచ్చి బతికిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నవ్వు ఆపుకోనక్కర్లేదు. మెట్టుగూడలో నన్ను చూసి ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు.

నాలుగేళ్ళ కిందట అక్కడో చిన్న ప్రైవేటు బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేరాను. అప్పుడు నా గడ్డం జానెడు, గర్వం బారెడు. ఏడాది తిరక్కుండానే, డ్రాయింగ్ తీసేసి అబాకస్ పెడతారని తెలిసింది. ప్రిన్సిపాల్ మేడమ్ నా మీద జాలిపడ్డారు.

"ప్రవీణ్ గారూ, శుక్రవారం కరస్పాండెంట్ సార్ వస్తున్నారు. పర్యావరణం మీద ఏదైనా గట్టిది చేసి చూపించండి. ఆయనకు నచ్చితే మీరుంటారు. నచ్చకపోతే నేనేం చేయలేను."

అంతే, నాలోని కళాకారుడు నిద్రలేచాడు. వాడు అలాగే పడుకుని ఉంటే ఎంత బాగుండేదో!

బడి పక్కనే పార్కు. అందులో పచ్చగడ్డితో ఇరవై అడుగుల మనిషిని నేలమీద పడుకోబెడతాను. వాడు ఎండకు ఎండి, వానకు తడిసి, కొన్నాళ్ళకు మట్టిలో కలిసిపోతాడు. పక్కన బోర్డు: 'ప్రకృతిలో మనిషి స్థానం'. ఊహించుకుంటేనే నా ఒళ్ళు పులకరించింది.

గడ్డి కోసం దూరం పోనక్కర్లేదు. పార్కు గేటు బయట యాదమ్మ రోజూ పచ్చగడ్డి కట్టలు పెట్టుకుని కూర్చుంటుంది. ఆఫీసులకు పోయేవాళ్ళు బండి ఆపి, ఒక కట్ట కొని, పక్కనే కట్టేసి ఉన్న ఆమె ఆవు లచ్చికే తినిపించి, దండం పెట్టుకుని పోతారు. గురువారం పొద్దున నేను ఇరవై కట్టలు అడిగేసరికి యాదమ్మ బిత్తరపోయింది.

"గిన్ని కట్టలెందుకు సార్? ఏమన్న మొక్కున్నదా?"

"మొక్కు కాదు యాదమ్మా. మనిషిని చేస్తా."

"గడ్డితోనా? లచ్చి ముంగటనా?"

"ఇది మేత కాదు, ఆర్ట్."

"గా ముచ్చట లచ్చికి జెర నువ్వే చెప్పు సార్. నా మాట ఇనదది."

చదువు లేని మనిషి, కళ సంగతి ఈమెకేం తెలుసులే అనుకున్నాను. లచ్చి సంగతి నాకేం తెలుసో మాత్రం ఆలోచించలేదు.

తొమ్మిదికల్లా గడ్డిమనిషి తయారయ్యాడు. గర్వంగా వెళ్ళి మేడమ్‌ను వెంటబెట్టుకొచ్చాను. వచ్చి చూస్తే ఏముంది, లచ్చి తాడు తెంపుకుని, విరిగిన గేటులోంచి లోపలికొచ్చి, మనిషి తల, కుడిచెయ్యి పూర్తిచేసి ఛాతీ మీదికి వచ్చింది.

"అయ్యో! ఇదేంటి ప్రవీణ్ గారూ?"

నిజం చెప్పేస్తే గొడవ అక్కడితో అయిపోయేది. కానీ భయంలో నాకు నిజం ఎప్పుడు గుర్తొచ్చింది గనక!

"కంగారుపడకండి మేడమ్, అసలు ఐడియానే ఇది" అన్నాను గడ్డం నిమురుకుంటూ. "ప్రకృతిని మనం తింటున్నాం అనుకుంటాం. చివరికి ప్రకృతే మనల్ని తింటుంది."

మేడమ్ గడ్డిమనిషి చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. "ఎంత లోతుందండీ ఇందులో! రేపు సార్ కళ్ళ ముందు సరిగ్గా ఇలాగే తినాలి. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను."

శుక్రవారం ఎంత ప్రమాదకరమైన రోజో నాకు అప్పటిదాకా తెలియదు. ఆవుకు మేత పెట్టడానికి జనం కట్టకట్టుకుని వచ్చే రోజు అదే. తెల్లారకముందే లచ్చి ముందు క్యూ. గడ్డితో పాటు అరటిపళ్ళు, బెల్లం, రొట్టెలు. నేను కొత్త మనిషిని పేర్చి, యాదమ్మను బతిమాలి లచ్చిని లోపలికి తెప్పించేసరికి, అది పెళ్ళిభోజనం చేసొచ్చిన పెద్దమనిషిలా ఆయాసపడుతోంది.

"యాదమ్మా, తినదేంటి?"

"ఏడ తింటది సార్? శుక్రారం గద. పొద్దుగాల సంది మస్తు తిన్నది."

"ఒక్క చెవి తింటే చాలు!"

"నిన్న మేత కాదంటివి, ఇయ్యాల తినమంటున్నవ్. దానికి సుత పరేషానే గద!"

గేటు దగ్గర కారు ఆగింది. మోకాళ్ళ మీద పడి, గుప్పెడు గడ్డి లచ్చి మూతి దగ్గర పెట్టాను. మొహం తిప్పుకుంది. రెండు చేతులూ జోడించాను.

"లచ్చమ్మా, నా ఉద్యోగం నీ నోట్లో ఉంది తల్లీ! ఒక్క పోచ!"

లచ్చి నన్ను కిందనుంచి మీదిదాకా చూసింది. నెమ్మదిగా వెనక్కి తిరిగింది. తోక ఎత్తింది. ఆ తర్వాత ఏమైందో నా చొక్కాకు తెలుసు.

తల తిప్పితే కరస్పాండెంట్ గారు. బోర్డు చదివారు. లచ్చిని చూశారు. చేతులు జోడించి ఉన్న నన్ను చూశారు. పెద్దగా నవ్వారు.

"ఆవు మనిషిని తింటుందని మేడమ్ ఏదో చెప్పారు గానీ, ఇది దానికంటే బాగుందయ్యా. మన స్థానం ఎక్కడో కరెక్టుగా చూపించినవ్. కదలకు, ఫొటో తీసుకోనీ!"

డ్రాయింగ్ నిలిచింది, నేనూ నిలిచాను. ఆ ఫొటో ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో పెట్టారు. కొత్తగా చేరే పిల్లలు మొదట చూసేది లచ్చి వెనకభాగాన్ని, దానికి దండం పెడుతున్న వాళ్ళ డ్రాయింగ్ సార్‌ని.

కాబట్టి లచ్చి తోక సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఇక ఈ జన్మలో తినే వస్తువుతో కళ జోలికి పోను. తప్పనిసరై పోయినా శుక్రవారం పోను. శుక్రవారమే పోవాల్సొస్తే, లచ్చి వెనక మాత్రం కూర్చోను.