రెండు మేకుల మధ్య

కొండచరియల మీద పరిశోధన చేస్తున్నానంటే, నరసరావుపేటలో నాకు గది అద్దెకిచ్చినావిడ నవ్వింది. "పల్నాట్లో వానే సరిగ్గా పడదు, ఇంక కొండలేం జారతయ్యమ్మా?" అంది. వాన ఎప్పుడోగానీ రాదు కాబట్టే ఇక్కడ దానికి ఎవరూ భయపడరు. నాకు మాత్రం ఆ ఏడాది మబ్బు పట్టిందంటే చాలు, అన్నం సహించేది కాదు.

నా భయమంతా ఒక్క చోటు గురించే. బొల్లాపల్లి అవతల ఒక కొండవాలు కింద పది పన్నెండు ఇళ్ళున్నాయి. రోడ్డు పనికని ఎవరో కొండ అడుగున మట్టి తవ్వుకుపోయారు. ఆ తర్వాత ఇళ్ళకి పైన, వాలు మీద, నేల అడ్డంగా పగిలింది. పగులుకి సరిగ్గా కిందున్న ఇల్లు ఒక పెద్దావిడది. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటే కోడలితో, ఒక గేదెతో అక్కడ ఉండేది. ముప్ఫై ఏళ్ళు కూలికి పోయి వేసుకున్న స్లాబు అది. నేనామెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

పగులుకి ఎగువన ఒక ఇనప మేకు, దిగువన ఒకటి కొట్టాను. వారానికోసారి వెళ్ళి రెంటి మధ్య దూరం టేపుతో కొలవాలి. దూరం పెరిగితే కింది నేల జారుతున్నట్టు. మొదటిరోజు పెద్దమ్మ పక్కనే నిలబడి చూసింది. "ఇది పెరిగిందంటే మీరు ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే" అన్నాను. కాస్త మెత్తగా చెప్పి ఉండాల్సింది. నాది మొదట్నుంచీ దురుసు నోరే.

"కొండ మా అత్త కాపరానికొచ్చినప్పుడూ అక్కడే ఉంది. నువ్వు నిన్నగాక మొన్నొచ్చావు" అందామె. మిగతా ఇళ్ళవాళ్ళు ఆ మాట కూడా అనలేదు. ఊరికే విని తలూపి పనుల్లోకి పోయారు.

వానలు మొదలయ్యాయి. నాలుగు వారాలు వరసగా వెళ్ళాను. నాలుగుసార్లూ అదే అంకె. నాకెంత సంతోషమో చెప్పలేను. వాలు కదలడం లేదని మా ప్రొఫెసరుగారికి ఫోన్ చేసి చెప్పాను. పెద్దమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఆ రాత్రి గదికొచ్చి హాయిగా నిద్రపోయాను. నూలుపోగంత తేడా లేకుండా నాలుగుసార్లు ఒకే అంకె వస్తే అనుమానపడాల్సింది నేనే. ఎంత జాగ్రత్తగా పట్టినా టేపు అంతో ఇంతో తేడా చూపిస్తుంది. అది తెలిసీ అడగలేదు. ఆ అంకె నాకు నచ్చింది మరి.

అయిదో వారం రెండు రోజులు వాన విడవకుండా కురిసింది. తెల్లారగానే బస్సెక్కాను. కొలిస్తే మళ్ళీ అదే అంకె. ఊపిరి పీల్చుకుని అక్కడే చతికిలబడ్డాను. చెయ్యి ఆనించిన చోట మట్టి మెత్తగా తగిలింది. దిగువ మేకుకి ఇంకా కిందుగా, ఎవరో అరచేత్తో అలికినట్టు నున్నగా ఉంది. వేలితో గీకితే మేకు పట్టేంత బొక్క. దానికి కాస్త కింద ఇంకోటి. ఇంకా కింద మరోటి. నా మేకుని ఎవరో పీకి పీకి పైకి జరిపారు.

"పెద్దమ్మా!" అని అరిచాను.

ఆమె నింపాదిగా ఎక్కి వచ్చింది. కొంగు ముడిలోంచి ఒక నూలుతాడు తీసింది. "నువ్వు మొదట కొలిచిన్నాడే నేనూ దీన్ని అంత పొడుగుకి తెంపి పెట్టుకున్నా. వానకి మేకు పక్కకి పోతావుంటే తాడు పెట్టి చూసి, మళ్ళీ దాని చోట్లో కొట్టా. లెక్క తప్పితే మీ సారు నిన్ను తిడతాడేమోనని" అంది. తాడు వేలికి చుట్టుకుంటూ, "ఇల్లు ఖాళీ చెయ్యమంటావని కూడా" అంది.

తిట్టాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. నా మాట నమ్మి మా ప్రొఫెసరు ఆ వాలుని పట్టించుకోవడం మానేశారు. నా అంకె నమ్మి నేను నెల రోజులు నిద్రపోయాను. ఆ నెలంతా వీళ్ళు దీని కింద పడుకున్నారు.

టేపు తియ్యబోయి ఆగాను. "ఆ తాడు ఇటివ్వు. ఆ కొస నువ్వు పట్టుకో" అన్నాను. ఒక కొస ఎగువ మేకుకి ఆమె ఆనించింది. రెండో కొస నేను అన్నిటికన్నా కిందున్న బొక్క వైపు, నేను మొదట మేకు కొట్టిన చోటికి, లాగాను. తాడు అందలేదు. జానెడు తక్కువైంది.

ఆమె ఒక్కసారి ఆ ఖాళీలో తన చెయ్యి పరిచి చూసుకుంది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా సరిపోయింది. "తాడు తడిసి దగ్గరికి పోయిందేమో" అంది. తాడు పొడిగానే ఉంది. దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసి, కింద తన స్లాబు వైపు చూసింది.

తర్వాత వాలు అంచుకి వెళ్ళి నిలబడి, నెల కిందట నేను చెబితే ఎవరూ పట్టించుకోని మాట, కింద కోడలికి వినపడేలా తన గొంతుతో అరిచింది.

"ఏమే! గేదెని విప్పు. ఆ ఇళ్ళోళ్ళందర్నీ కూడా బయటికి రమ్మను!"