అమ్మాయి వంతు మైల

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయడం రాక రాయలేదు. మా ఇంట్లో తాతముత్తాతల నుంచి తెలుగే మాట్లాడతాం, గడప దాటితే తమిళం. రెండింటిలో ఏదీ నేను చదవలేకపోయేదాన్ని. చిన్నప్పుడు తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి నన్ను బడి మాన్పించారు. పెళ్ళయ్యాక మా ఆయన నూలు మిల్లు షిఫ్టులను బట్టి వండి పెట్టడంతో సరిపోయింది. ఆయన పోయి ఏడాది తిరిగాక, మా పక్కింట్లో ఉండే అక్క సాయంత్రాలు నన్ను తన ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది. ఆమెది యానాం, ఉద్యోగం బదిలీ మీద పుదుచ్చేరి వచ్చింది. తెలుగు రాయడం తెలిసిన మనిషి ఈ ఊళ్ళో నాకు ఆమె ఒక్కతే దొరికింది. కొమ్ములూ దీర్ఘాలూ ఇంకా తడబడతాయి. అయినా ఆయన పోయినప్పటి సంగతి రాసుకునేంత వచ్చింది.

మాకు ఒక్కతే కూతురు. సముద్రపు చేపల మీద పరిశోధన చేస్తుంది. మన సముద్రం కాదు, భూమికి దక్షిణపు కొసన ఉన్న మంచు సముద్రం. అక్కడి నీళ్ళలో మామూలు చేపైతే గడ్డకట్టిపోతుందట. అక్కడ పుట్టిన చేపలు గడ్డకట్టకుండా కాపాడేది వాటి నెత్తుటిలోనే ఉంటుందని చెప్పింది. ఒక రకం చేపకైతే నెత్తుటిలో ఎరుపే లేదు, నీళ్ళలా ఉంటుంది. చల్లటి నీళ్ళలో ప్రాణవాయువు ఎక్కువ కాబట్టి ఎరుపు లేకపోయినా దానికి ఊపిరి అందుతుంది. సముద్రం వేడెక్కితే అందుతుందా, వేట ఓడలు ఎంతవరకు పట్టుకుంటే ఆ జాతి మిగులుతుంది అని చూడటం మా అమ్మాయి పని.

ఈ చేప సంగతి అది మొదట చెప్పినప్పుడు మా ఆయన పెరట్లో కుళాయి దగ్గర చేప కడుగుతున్నాడు. మా ఇంట్లో చేప కొనడం, కడగడం ఆయన పనులు. పెద్ద మార్కెట్‌లో మొప్ప ఎత్తి ఎరుపు చూడనిదే ఏదీ కొనేవాడు కాదు. చేపలమ్మే ఆడవాళ్ళకు ఆయన వేలు కనబడితేనే చిరాకు.

“దాని మొప్పలు గూడా తెల్లగానే ఉంటాయి నాయనా,” అంది అమ్మాయి.

“అట్లాంటిది ఊరికే ఇచ్చినా నాకొద్దు. చచ్చి ఎన్నాళ్ళయిందో ఎట్లా తెలుస్తాది?”

“పట్టుకుంటే తెలుస్తాది. దాని గుండె పెద్దది. శానా పెద్దది.”

ఆయన చేతిలోని చేపను పక్కన పెట్టాడు. “నువ్వు పోయి చూసి రా,” అన్నాడు. “వచ్చి నాకు చెప్పు.”

చాలా కాలానికి అమ్మాయికి పరిశోధన ఓడలో చోటు దొరికింది. ఆఫ్రికా చివరి రేవులో ఎక్కి దక్షిణానికి పోయింది. ఆ నెలలోనే ఒక పొద్దున మా ఆయన కాఫీ తాగి, చొక్కా వేసుకుంటూ కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

యానాం అక్క అమ్మాయి ఆఫీసుకు ఫోన్ చేస్తే వాళ్ళు ఓడకు కబురు అందించారు. సాయంత్రం అమ్మాయే ఓడ నుంచి మాట్లాడింది. నా మాట అక్కడికి చేరి, దాని మాట తిరిగి రావడానికి మధ్య కొంత ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో ఏడుస్తోందో, నా మాట కోసం చూస్తోందో నాకు తెలిసేది కాదు. ఓడ వెనక్కి తిరగదు. తిరిగినా అందదు.

విల్లియనూరు నుంచి మా ఆయన అన్న వచ్చి ఉన్నారు. మాకు కొడుకులు లేరు కనుక కర్మలు ఆయన చేతి మీదే జరుగుతున్నాయి. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

“పెద్ద దినం అయ్యేదాకా నీసు తినొద్దు, తాకొద్దు. రోజూ పొద్దు పొడవక ముందే తలకు పోసుకో.”

“ఈడ పొద్దు గుంకనే గుంకదు పెద్దనాయనా.”

బావగారు కాస్త తడబడ్డారు. “అయితే నిద్ర లేస్తానే పోసుకో.”

“సరే పెద్దనాయనా.”

ఇంట్లో చావు జరిగితే ఎవరికైనా చెప్పే మాటే అది. మాకు నీసు మానడమంటే చేపా మాంసం వండకపోవడం, వంటింటి సంగతి. మా అమ్మాయి అంత దూరం పోయింది చేపలు కోయడానికేనని ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

మైల రోజుల్లో మా పొయ్యి మీద తాలింపు వేయలేదు. అక్క చప్పిడి పప్పు తెచ్చి పెట్టేది. ఆయన్ను ఆఖరున పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతుండేది. అలా ఉండగా మళ్ళీ ఫోన్ వచ్చింది. నేను స్పీకర్‌లో పెట్టాను.

“తిన్నావా అమా?”

“తిన్నా. నువ్వు?”

“అన్నం, పెరుగు. నిన్న వలలో ఆ చేప పడింది మా. తెల్లది.”

“చూసినావా?”

“దూరంగా నిలబడి చూసినా.”

“ఏంది, దూరంగా ఎందుకు?”

“పెద్దనాయన తాకొద్దన్నాడు గదా. మిగతావోళ్ళు పొడుగు కొలిచినారు, వయసు చూసేదానికి తలలో రాయి తీసినారు. నెత్తురు తీసేది నేనొక్కదాన్నే. చేప బతికుండంగానే తీయాల. నిన్నటివన్నీ పోయినాయి.”

“మళ్ళా పడవా?”

“రేపు ఇంకొక్క వల ఏస్తారు. ఆ తర్వాత ఓడ ఈడ్నించి కదిలిపోతాది. మళ్ళా ఈ తావుకు వస్తానో రానో.” గొంతు తగ్గింది. “నేను తాకితే నాయనకు ఏమన్నా అయితాదని భయం మా.”

అంత చదువుకున్న పిల్లకు కూడా ఆ భయం ఉంది. నాకూ ఉంది. దీపం పక్కన చాప మీద కూర్చున్న బావగారు అంతా విన్నారు.

“వద్దు,” అన్నారు. “నెత్తురు పని అస్సలొద్దు. మనం వదిలే నీళ్ళు వాడికి చేరవు.”

అది కోపం కాదు. తమ్ముణ్ణి భుజాన మోసి పెంచిన మనిషి. తమ్ముడు పోయిన రోజు నుంచి ఒంటిపూట తింటున్నారు. ఆయనకు ఎదురు చెప్పాలని నాకు లేదు. మా ఇంట్లో ఇలాంటి విషయాలు ఎవరూ నన్ను అడిగిందీ లేదు, నేను చెప్పిందీ లేదు. అక్కడ చూస్తే అమ్మాయి ఫోన్ పట్టుకుని కాచుకుని ఉంది.

“రేపు నువ్వు ఆ చేపను తాకు,” అన్నాను. “నీ వంతు మైల నేను పడతా.”

బావగారు తల ఎత్తారు. “ఒకరి మైల ఇంకొకరు పడేది యాడన్నా ఉండాదా?”

“లేదు బావా.”

“మరి? శానా చదివినదాని మాదిరి మాట్లాడతా ఉండావే.”

నాకు అప్పటికి సంతకం కూడా రాదని ఆయనకు తెలుసు.

“పోయి చూసొచ్చి చెప్పమని ఆయనే చెప్పినాడు బావా. చెప్పించుకునే మనిషి ఇప్పుడు లేడు. అది చూసేదన్నా చూడనీ.”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. సరే అనలేదు, వద్దు అని మళ్ళీ అనలేదు. దీపం వత్తి ముందుకు జరిపి అటు తిరిగి కూర్చున్నారు.

“అమా?” అంది అమ్మాయి.

“ఈడనే ఉండా. ముందు దాని గుండె తాకి చూడు. నాయన అడిగినాడు గదా.”

దాని నుంచి మాట వచ్చేలోపే ఫోన్ తెగిపోయింది. విన్నదో లేదో తెలియదు.

మరుసటి రోజు వెలుగు రాకముందే లేచి పెరటి స్నానాలగదిలోకి వెళ్ళాను. మార్గళి నెల, ధనుర్మాసపు చలికి నీళ్ళు కొరికేస్తున్నాయి. ఎప్పటిలాగే తలకు పోసుకున్నాను. తడి జుట్టు పిండుకుని, బకెట్ మళ్ళీ కుళాయి కింద పెట్టాను. తన వంతు స్నానానికి బావగారు బయట కాచుకుని ఉన్నారు.

“ఇంకా కాలేదా అమ్మా?”

“ఇంకొకటి ఉండాది బావా,” అన్నాను.

బకెట్ నిండాక అమ్మాయి పేరు తలుచుకుని, అవి కూడా నెత్తిన పోసుకున్నాను.