బెళుగుప్ప మూలుగు

ఆ పాట ఎక్కడ వినిపించినా ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లి ఊరేగింపులో, బస్సులో, ఎవరి సెల్‌ఫోన్‌లోనైనా సరే. పాట మొదలయ్యే ముందు ఒక మూలుగు వస్తుంది చూడండి, కింద నుంచి లేచి, కాసేపు ఊగి, మళ్లీ కుంగిపోయే శబ్దం. జనానికి ఆ పాటలో నచ్చింది అదే. అది బెళుగుప్ప తాతది. నేను చెప్పకపోతే ఇక ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను.

తాత నాకు చుట్టం కాదు. బెళుగుప్పలో ఉరుము వాయించేవాడు. ఉరుమంటే మెడలో వేసుకునే తోలు వాద్యం. ఒక పక్క పుల్లతో కొడతారు, రెండో పక్క వంపు పుల్లతో తోలును రుద్దుతారు. రుద్దితే కడుపునొప్పితో మనిషి మూలిగినట్టు మూలుగుతుంది. ఒక జాతరలో ఆ మూలుగు విన్న పక్క ఊరివాళ్లు తమ జాతరకు తాతను పిలుచుకునేవాళ్లు. వానల్లేని సీమలో ఆయన ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పిలుపులతోనే.

తొంభైల చివర ముదిగుబ్బలో ఒక అన్న ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. నేను పని నేర్చుకుంది ఆయన దగ్గరే. ఆ అన్న ఒకసారి తాత మూలుగును టేపులో పట్టుకొచ్చాడు. ఇంట్లో ఉన్నది ఒకటే ప్లగ్గు, అది కీబోర్డుకే సరి. టేపురికార్డరుకు సెల్లులే గతి. సెల్లులు అయిపోతే మేమంతా చేసే పనే ఆయనా చేశాడు, ఎండలో పెట్టి మళ్లీ వేశాడు. టేపు ఈడ్చుకుంటూ తిరిగింది. ఉరుము తన శ్రుతి కంటే దిగి, నిదానంగా మూలిగింది. అన్న అదే అసలు శబ్దం అనుకుని, కీబోర్డు ఎడమ పక్కనుండే, శ్రుతిని పైకీ కిందికీ జార్చే చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పుతూ రోజుల తరబడి కూర్చుని సాధించాడు.

తీసుకెళ్లి వినిపిస్తే తాత పడీ పడీ నవ్వాడు.

“ఏమప్పా, నా ఉరుముకు జొరమొచ్చినట్టుండాదే.”

అన్న ముఖం చిన్నబోయింది. “సరిచేస్తా తాతా” అన్నాడు.

“యాటికి? అట్లే ఉండనీ. ఏది తోలుదో, ఏది పెట్టెదో జనానికి తెలస్తాది. ఊరి పేరు మాత్రం చెప్పు, అంతే.”

అలా చెప్పడం మా ఆర్కెస్ట్రా వాళ్లలో ఉన్న పద్ధతే. ఇంకొకరి దగ్గర నేర్చిన శబ్దం వాయించే ముందు మైకు పట్టుకుని ఆ ఊరి పేరు చెప్పాలి. “ఇది బెళుగుప్ప మూలుగు” అని ముదిగుబ్బ అన్న చెప్పాడు. ఆయన్ను విని రాప్తాడు వాళ్లు నేర్చుకుని దానికి తబలా జత చేశారు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టిన ఒకాయన దాని కింద మగ్గం చప్పుడును దరువుగా పెట్టాడు. ఎవరు ఎంత మార్చినా మైకులో ఆ మాట మాత్రం మానలేదు. దొంగతనమని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఎవరూ ఏదీ దాచలేదు.

తర్వాత నేను హైదరాబాదు వెళ్లి స్టూడియోల్లో కీబోర్డు వాయించే పనిలో చేరాను. అక్కడి రికార్డింగు ఇంజనీరు, పాపం మంచివాడే, విదేశాల్లో మొట్టమొదట యంత్రాలతో సంగీతం చేసినవాళ్ల టేపులు వినిపించేవాడు. ఒకరు వైర్ల పెట్టెలోంచి ఈల పుట్టిస్తే, అది విని ఇంకొకరు దాన్ని దరువు చేశారని, వాళ్లిద్దరినీ విని పాప్ పాటలవాళ్లు బాగుపడ్డారని చెప్పేవాడు. నాకు భలే సంతోషమేసింది. మా ముదిగుబ్బ, రాప్తాడు సంగతి కూడా ఇదే కదా అనుకున్నాను.

పాప్ ఆల్బం చేస్తున్న ఒక సంగీత దర్శకుడు ఆ స్టూడియోలోనే “ఏదైనా కొత్తది వినిపించు” అని నన్ను అడిగాడు. ఎదురుగా మైకు ఉంది. అలవాటు ప్రకారం “ఇది బెళుగుప్ప మూలుగు సార్” అని చెప్పి వాయించాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. అద్దం అవతలున్న ఇంజనీరుతో అన్నాడు: “శబ్దం ఉంచు. ముందున్న ఆ మాట కత్తిరించెయ్.”

కవరు మీద ఊరి పేరు వేస్తే చాలు సార్ అని అడిగాను. చూద్దాం అన్నాడు. ఏం చూశాడో ఆయనకే తెలియాలి. పాట వచ్చింది, ఊరూవాడా మోగింది. టీవీలో ఆ శబ్దం ఎక్కడిదని అడిగితే, తనకు దారి చూపిన విదేశీయుల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. సముద్రాలు దాటి వెళ్లగలిగినవాడికి బెళుగుప్ప దూరమైపోయింది. సిగ్గుండాలి మనిషన్నాక. ఆ దిగిన శ్రుతి, ఆ సెల్లుల నీరసం అందులో అలాగే ఉన్నాయి. ఏ దేశంలో ఎండబెట్టారయ్యా ఆ సెల్లులు?

మరుసటి ఏడాది బెళుగుప్ప జాతరకు వెళ్లాను. గుడి ముందు మనిషెత్తు సౌండు బాక్సులు పెట్టి ఆ పాటే వేశారు. ఆ పాటతో కలిపి తాతను వాయించమన్నారు. ఆయన రుద్దాడు. ఉరుము తన శ్రుతిలో తాను పైన మూలిగింది, పాట కింద మూలిగింది, రెండూ కలవలేదు. బాక్సులు చూసుకుంటున్న అతను పాట ఆపేశాడు.

“తాతా, నీది తప్పు పోతాండాది. పాటలో ఉన్నట్టు కిందికి దించు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఎవురిది తప్పురా? ఆ పాటలో ఉండేదే ఈయప్పది” అంటూ మీదికి వెళ్లాను.

“నీకు తెలీదులే అన్నా. అది హైదరాబాదులో మిషన్‌తో చేసిండేది” అన్నాడు అతను, కోపమేమీ లేకుండా.

తాత నా చెయ్యి పట్టుకున్నాడు. “ఉండప్పా. ఈ ఏడు యాడా నన్ను పిల్చలేదు. పెట్టె చాలంటాండారు. ఈడొక్కటే మిగిలుండాది.”

ఆయన నేల మీద కూర్చుని ఉరుము తాళ్లు ఒక్కొక్కటే సడలించాడు. రుద్ది చూసుకుని ఇంకొంచెం సడలించాడు. పాటతో కలిసింది. బాక్సుల అతను బాగుందన్నట్టు తల ఊపాడు.

అప్పుడు తాత మైకు అడిగాడు. నేనే అందించాను. జీవితంలో ఎన్నడూ వేరేవాళ్ల శబ్దం వాయించలేదు కాబట్టి మా పద్ధతి ఆయనకు అంతవరకు అవసరం పడలేదు. గొంతు సవరించుకున్నాడు.

“ఇది నాది గాదప్పా. ఆ పాటలోది” అన్నాడు.

ఆ మాటను ఎవరూ కత్తిరించలేదు.