రవి చల్లిన ఇసుక

ఫోన్‌లో చెల్లెలి పేరు కనబడితే నేను ఇప్పటికీ రెండు మూడు రింగులు పోనిచ్చి గానీ ఎత్తను. చాలా ఏళ్లయింది. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, నేనెవరో మీకు తెలియదు కాబట్టి.

మేముండేది ఆక్లండ్‌కు దక్షిణం కొసన, టకానినిలో. డిసెంబరంటే మాకు ఎండలు. ఆ ఏడు మాత్రం జర్మనీలో, లైప్‌జిగ్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లాను. నాలుగింటికే చీకటి. కిటికీల్లో కాగితపు నక్షత్రాలు. ట్రామ్‌లో తడి కోట్ల వాసన, ఎవరూ పలకరు. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని ఎర్ర లైటులో దాటబోతే ఒక పెద్దాయన కసిరాడు. ఆ ఊళ్లో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉందని, అది నాకు తెలియదని, మొదటి రోజు నుంచే బెదురుగా ఉండేది.

గుమ్మం ముందు మంచు తీయడానికి కూడా వాటాల వాళ్లకు వంతులు. ఆ వారం మా చెల్లెలి భర్త రవి వంతు. పడుకోబోయే ముందు అతను మెట్ల మీది మంచు గీకేసి, ఎవరూ జారకుండా ముతక ఇసుక చల్లాడు. నేను కిటికీలోంచి చూశాను గానీ, ఎందుకో అడగలేదు.

పొద్దున్నే అందరికంటే ముందు లేచాను. ధనుర్మాసం. వాకిట్లో ఆ ఇసుక నాకు చెత్తలా కనబడింది. ఊడ్చేశాను. గోరువెచ్చని నీళ్లతో మెట్లు కడిగి, బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేశాను. మెట్టు మెరుస్తోంది. తడి అనుకున్నాను. ఇంటి దగ్గర రోజూ చేసే పనే కదా! అంత చలిలో నీళ్లు పోస్తే ఏమవుతుందో చిన్నపిల్లలకైనా తెలుసు. నాకెందుకు తట్టలేదు? తట్టలేదు, అంతే. అంతవరకు నాది తెలివితక్కువతనం. తప్పు ఆ తర్వాత మొదలైంది.

టీ పెడుతుంటే కింద ధబ్బుమని చప్పుడు, సన్నటి కేక. పరుగెత్తాను. కింది వాటాలో ఒంటరిగా ఉండే ముసలావిడ, ముందు రోజే నాకు బిస్కెట్లు ఇచ్చినావిడ, మెట్ల కింద పడి ఉంది. గడ్డకట్టిన నీళ్ల మీద నా ముగ్గు స్పష్టంగా కనబడుతోంది. పోలీసులొస్తారు, పట్టుకుపోతారు, మళ్లీ నా పిల్లలను చూడను, బుర్రలో ఇవే. ఆవిడ మూలుగుతూనే ఉంది. నేను పైకి పరుగెత్తి, వంటింట్లో ఉప్పంతా తెచ్చి, ఆనవాలు మిగలకుండా ముగ్గు మీద కుమ్మరించాను. ఆ తర్వాతే రవిని లేపాను. ఇంకెవరూ జారకుండా ఉప్పు పోశానన్నాను.

ఆస్పత్రి నుంచి వచ్చి రవి మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడకు తుంటి ఎముక విరిగిందట.

“రాత్రి ఇసుక చల్లిన అనుకున్న వదినా. ఇప్పుడు చూస్తే జరంత కూడా లేదు. నువ్వేమన్న చూసినవా?”

“లేదు రవీ, నేను జల్ది పండుకున్న.”

“అయితే మర్చిపోయిన. నా వల్లనే పడ్డది ముసలామె.”

ఒక్క మాట చాలు, ఆ మాట నా నోట్లోనే ఉంది. రాలేదు.

ఆవిడ మళ్లీ ఊతం లేకుండా నడవలేదు. ప్రతి వారం సరుకులు తెచ్చిపెట్టేది రవే. నేను ఉప్పు తేవడం ఆవిడ చూసిందా? చూసే ఉంటుంది, కళ్లు తెరిచే ఉన్నాయి. మరి చెప్పలేదేం? ఏదో ఒక రోజు చెబుతుందా? ఈ ప్రశ్నలతో నేను బతుకుతున్నాను. అంతకంటే సిగ్గుచేటైన సంగతి ఇంకొకటి ఉంది. ఆవిడ చనిపోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను.

చలికాలం వస్తే రవికి నిద్ర ఉండదట. మీ మరిదికి మంచు పిచ్చి పట్టిందని చెల్లెలు నవ్వుతూ చెబుతుంది. నేనూ నవ్వుతాను. ఇక్కడ సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. అక్కడ తెల్లవారుజాము. ఈపాటికి అతను లేచి, టార్చి పట్టుకుని మెట్లు తడిమి చూసుకుంటూ ఉంటాడు. అతను ఇసుక చల్లాడు. ఊడ్చింది నేను. ఈ రెండు ముక్కలూ ఇన్నాళ్లకు బయటికి వచ్చాయి. కానీ అన్నది అతనితో కాదు, మీతో.