పసుపు తాగిన హంస

నా కుట్టుమిషను తల ఊడదీసి గోనెసంచిలో చుట్టిపెట్టిన రోజు నుంచి మూడు రోజులు మా ఆయనతో మాట్లాడలేదు నేను. అన్నం పెట్టాను, స్నానానికి నీళ్ళు తోడాను, మాట మాత్రం లేదు. ఎట్లా మాట్లాడతాను చెప్పండి! సూర్యాపేటలో మా వాడకట్టు మొత్తానికి అదొక్కటే మిషను. చేతికుట్టుతో ఊరందరి రవికెలూ కుట్టి, వేళ్ళు కాయలు కాయించుకుని కొనుక్కున్నది.

మా ఆయన వడ్రంగి. మామ ఇంకా పెద్ద వడ్రంగి. గొడవల కాలంలో ఊరు విడిచిపోయిన మిర్యాలగూడ బట్టల షావుకారు ఒకాయన, అంతా నెమ్మదించాక తిరిగొచ్చి కొత్త ఇల్లు కడుతున్నాడు. వీధి తలుపు పైన పెట్టే అడ్డపలకలో ఎదురెదురుగా రెండు హంసలు కావాలన్నాడు. ఉలితో చెక్కినవి కావట. నల్లటి జిట్రేగి చెక్కలో తెల్లటి చెక్క పొదిగినవట. బెజవాడలో ఎవరింట్లోనో చూసి మనసు పారేసుకున్నాడు. మామ అట్లాంటి పని పుట్టి బుద్ధెరిగి చేయలేదు. అయినా రాదని చెప్పడం మా ఇంట్లో మగవాళ్ళెవరికీ చేతకాదు కాబట్టి ఒప్పుకుని వచ్చాడు.

ఇగ ఉపాయం మా ఆయనది. మిషను తల ఉండాల్సిన చోట విల్లులాంటి కర్ర చట్రం బిగించాడు. దాని మధ్యలో నిలువుగా దారమంత సన్నని రంపపు తీగ. కింద కాళ్ళతో తొక్కితే తీగ పైకీ కిందికీ ఆడుతుంది. చెక్కను చేత్తో తిప్పుకుంటూ పోతే ఎంత వంపైనా కోస్తుందట.

"ఏందే, గట్ల మూతి ముడుస్తవ్? నీ మిషన్ ఏడికి పోతది? గీ పని కాంగనే మళ్ల బిగిస్త" అన్నాడు.

నేను గోడకు చెప్పాను. "బిగియ్యకపోతే తల్లిగారింటికి పోత. మిషన్ తోనే పోత."

ఆ తీగలు కోదాడలో దొరికాయి. అవి వెండి పనివాళ్ళు నగలు కోసుకునేవి. "కర్ర కోస్తారా వీటితో? విరిగితే నన్ననకండి బాబూ" అన్నాడట కొట్టాయన. మా ఆయన డజను తెచ్చాడు. ఒక్క పూటలో అయిదు విరగ్గొట్టాడు!

తొక్కడమా అది! మడిలో బురద తొక్కినట్టు దబదబ తొక్కుతాడు. కాలు ఒక దారి, చెయ్యి ఒక దారి. అయిదోది టప్పుమని తెగినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. మౌనవ్రతం మర్చిపోయి అరిచాను.

"జరుగు! దాన్ని తొక్కుతున్నవా, సంపుతున్నవా?"

కూర్చున్నాను. నల్ల చెక్క రేకు పైన, తెల్ల పాలకొడిసె రేకు కింద, రెండూ కలిపి సన్న మేకులతో బిగించి ఉన్నాయి. పైన హంస బొమ్మ గీసిన కాగితం అంటించి ఉంది. తొక్కాను. అబ్బ, ఏమని చెప్పను! రవికె చంక మలుపు దగ్గర గుడ్డ తిప్పినట్టే తిప్పితే చాలు, చెక్క నా మాట వింది. హంస మెడ తిరిగింది, రెక్క విచ్చుకుంది, తోక ముగిసింది. రెండు చెక్కల్లోంచీ ఒకే హంస రెండుగా ఊడి వచ్చింది. తెల్ల హంసను తీసి నల్ల చెక్క గుంటలో పెట్టి బొటనవేలితో నొక్కాను. కూర్చుంది. గోరు దూరే సందు లేదు! నేను లేచి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

పని కొట్టం గుమ్మంలో మామ నిలబడి ఉన్నాడు. మా ఇంట్లో ఆడవాళ్ళు ఉలి ముట్టకూడదు, రంపం ముట్టకూడదు. ఆయన తాత నాటి నుంచీ అదే కట్టు.

"ఆడమనిషి పనిముట్టు వట్టుడేంది?"

"నేనేం వట్టలే మామా. నా మిషన్ నేను తొక్కుకుంటున్న."

మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు. మామ నవ్వలేదు. "పని పాడైతే మాత్రం ఇగ గీ కొట్టంల అడుగు వెట్టకు" అని వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఒక్క పూటలోనే నాకు తెలిసిపోయింది, ఇకమీదట రవికెలు కుట్టుకుంటూ మాత్రమే బతకడం నావల్ల కాదని.

రెండో హంస కూడా కోశాను. అది అయ్యేలోగా నా కిందా ఆరు తీగలు తెగాయి. చింతగింజల అంబలి జిగురుతో రెంటినీ పలక మీద అతికించారు. మర్నాడు తెల్లవారి బండి కట్టాలి. మిర్యాలగూడలో ఆ మరునాడు ముహూర్తం. అవసరం పడతాయేమోనని మా ఆయన తీగల కోసం మళ్ళీ కోదాడ పోయాడు. ఇంట్లో ఒక్కటే తీగ మిగిలింది.

ఆ రోజు శుక్రవారం. గడపకు పసుపు రాస్తూ రాస్తూ పలకను చూశాను. కొత్త చెక్క ఇల్లు దాటి పోతుంటే పసుపు బొట్టు పెట్టకుండా పంపుతామా? అంచుకు రాశాను. చేయి తడి ఎక్కువై పసుపు నీళ్ళు కారి ఎడమ హంస మీద పడ్డాయి. ఇంకా నూనె పట్టించని చెక్క కదా, గుటుక్కున తాగేసింది!

కొంగుతో తుడిచాను, పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను. అంతే, హంస ఎర్రబడింది! పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని, సబ్బూ ఆ పనే చేస్తుందని తెలియని ఆడది ఉంటుందా? కానీ భయంలో ఏ తెలివి పనిచేస్తుంది! తెల్ల హంస ఒకటి, గొంతు కోసినట్టు ఎర్ర హంస ఒకటి. నా నోరు నేనే నొక్కుకుని ఏడ్చాను. కొట్టంలో నా కథ ముగిసిందనుకున్నాను.

మామ వచ్చాడు. చూశాడు. నేను దాచలేదు, "నేనే జేసిన మామా" అన్నాను. తిడితే బాగుండేది. ఆయన వేడినీళ్ళలో గుడ్డ ముంచి ఎర్ర హంస మీద పెట్టాడు. జిగురు మెత్తబడ్డాక ఉలి మొనతో దాన్ని లేపి తీశాడు. తర్వాత పక్కకు జరిగి కూర్చున్నాడు.

"కొయ్యి."

అప్పటికే ఉన్న గుంటకు సరిపోయేట్టు కోయాలి! గుంట మీద పల్చటి కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే అంచు తేలింది. ఆ కాగితాన్ని కొత్త పాలకొడిసె రేకు మీద అంటించాను. రవికెకు కుట్టులోకి గుడ్డ వదులుతాం చూడండి, అట్లా గీతకు అవతల వెంట్రుకవాసి వదులుతూ కోశాను. కాలు నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి. మెడ దాటింది. రెక్క దాటింది. తోక దగ్గర ఇంకా వేలెడు మిగిలి ఉండగా తీగ టప్పుమంది.

మామ తన సన్న ఉలి తీసి, పిడి నా వైపు తిప్పి పట్టుకున్నాడు.

"వట్టు. నీ చెయ్యి మొదలువెట్టింది, నీ చెయ్యే ఖతం జెయ్యాలె."

"మామా, ఉలి..."

"వట్టుమన్న గద!"

పట్టాను. రెండు దెబ్బలకు తోక దగ్గర కూడా తెగి హంస రేకులోంచి విడివడింది. అంచు రుద్ది నొక్కితే హంస గుంటలో టక్కుమని కూర్చుంది. నేను గట్టిగా నవ్వేశాను, కళ్ళలో నీళ్ళతోనే. ఆయన తిరిగి చూడకుండా అంబలి గిన్నె అందుకున్నాడు.

రాత్రికి మా ఆయన తిరిగొచ్చాడు. తెల్లవారి బండి కట్టినప్పుడు మామ నన్నూ ఎక్కమన్నాడు. పనికి పోయే బండిలో ఆడవాళ్ళను ఎక్కించడం అదే మొదలు. మా ఆయన, నేను మొహాలు చూసుకున్నాం. అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

మిర్యాలగూడలో ముహూర్తానికి పలక ఎక్కింది. షావుకారు ఇంటిల్లిపాదీ వీధిలోకి వచ్చి తలలెత్తి చూశారు. ముసలమ్మ ఒకామె "పారిపోతయేమో, తలుపు వెయ్యున్రి!" అంది. అందరూ గొల్లున నవ్వారు. నేను బండి చాటున నిలబడి ఆ నవ్వు వింటున్నాను. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. తలుపు నిలబెట్టిన రోజు, ఆ పని చేసిన మనిషికి ఇంటివాళ్ళు తాంబూలంలో కొత్త బట్టలు పెడతారు. షావుకారు పళ్ళెంలో జరీ ధోతుల జత పట్టుకుని మామ ముందుకు వచ్చాడు.

మామ పళ్ళెం ముట్టలేదు. వెనక్కి తిరిగి నన్ను వెతికి, రమ్మని చెయ్యి ఊపాడు.

"ధోతులు లోపల వెట్టుకో షావుకారీ. చీర తెప్పియ్యి. జేసిన మనిషి గీడున్నది."