పక్కన ఎవరన్నా ఉండారా అప్పా?

మా వదిన సొన్నమ్మ వీడియో కాల్ కలవగానే నమస్కారం కంటే ముందు ఒక మాట అడుగుతుంది: "పక్కన ఎవరన్నా ఉండారా అప్పా?" ఉన్నారంటే, తను చెప్పాల్సింది చేదు మాటైతే, ఊళ్లోవాళ్లయితే ఫోన్ పెట్టేసి, నేరుగా మాట్లాడ్డానికి మెట్రో ఎక్కుతుంది. మాకు గుడ్డ పంపే హైదరాబాద్ కంపెనీవాళ్లు దీన్ని చాదస్తం అనుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ ప్రశ్న ఆమె ఎక్కడ నేర్చుకుందో వాళ్లకేం తెలుసు?

నగరం శివార్లలో, జిగణిలో మాకు చిన్న కుట్టు యూనిట్ ఉంది. స్కూలు యూనిఫారాలు కుడతాం. ఆఫీసు పని నాది, నోటి పని మా వదినది. ఒకప్పుడు బటన్లు కావాలన్నా, కొలతల్లో తేడా వచ్చినా, ఆయుధ పూజకు పిలవాలన్నా స్కూటర్ తీయాల్సిందే. సగం ఆయుష్షు హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లోనే పోయిందని తిట్టుకునేది. కరోనా రోజుల్లో వీడియో మీటింగు అలవాటైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఇక అన్నిటికీ అదే. నిజానికి లాభమూ కనిపించింది. కొలతలు, రంగులు, పంపే తేదీలు కుర్చీలోంచి లేవకుండానే తేలిపోయేవి. చివరికి ఆయుధ పూజకు కూడా కెమెరాకు కుంకుమ భరిణె చూపించి, "బొట్టు పెట్టినట్టే అనుకోండి" అనేసింది. నాకు నచ్చలేదు. కానీ మా వదినకు చెప్పగల మొనగాళ్లు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

పోయిన ఏడాది ఒక స్కూలు నుంచి తెల్ల చొక్కాలు వెనక్కి వచ్చాయి. జేబు మీద కుట్టిన నీలం గుర్తు మొదటి ఉతుకుకే రంగు వదిలి గుడ్డంతా పాకింది. దారం నగరం నడుమ బళేపేట బజారులో అంగడి ఉన్న ఆవులప్పది. ఒక్క మిషన్‌తో మొదలుపెట్టిన నాటి నుంచి మాకు దారం ఆయన అంగడి నుంచే. దారాన్ని తడిపి, తెల్ల గుడ్డ మీద రుద్ది, రంగు నిలుస్తుందో లేదో చూడాలని మా వదినకు నేర్పిందీ ఆయనే. ఆయన దారమే కదా అని ఈసారి మేం చూడలేదు.

మా వదిన మండిపోయింది. అప్పటికప్పుడే వీడియో కలిపింది. ఆయన "చెప్పమ్మా" అనగానే దారం తడిపి, గుడ్డ మీద రుద్ది, ఆ నీలం మరకను కెమెరా దగ్గరగా పట్టింది.

"మీరు నేర్పించిందే కదప్పా. మీ దారం ఎట్లుండాదో చూడండి. ఇంక ఇది మాకొద్దు."

ఆయన వెనక నుంచి ఎవరో నవ్వారు. అప్పుడు గాని మాకు తట్టలేదు. బళేపేట అంగడికి గది ఉండదు, తలుపు ఉండదు. ఫోన్‌ను గల్లాపెట్టె మీద నిలబెట్టి, సౌండు పెంచి మాట్లాడతారు. కొనడానికి వచ్చినవాళ్లు, పక్క అంగడివాళ్లు, అందరూ ఆ మరక చూశారు. దారం అమ్మేవాడికి పేరే పెట్టుబడి. కొద్దిరోజులకే ఆయన ఖాతాదారులు ఒక్కొక్కరే ఎదురంగడి మెట్లెక్కుతున్నారని కబురు వచ్చింది.

మా వదినకు అన్నం సయించలేదు. "ఆశా, బయల్దేరు" అంది.

"వీడియోలోనే సారీ చెప్పరాదా వదినా?"

"నోరు మూసుకొని రా."

మెట్రో ఎక్కి బళేపేట పక్కనున్న చిక్కపేట స్టేషన్‌లో దిగాం. ఆ మరక గుడ్డ ఆమె సంచిలోనే ఉంది. ఎందుకు తెచ్చిందో ఆమెకూ తెలియదనుకుంటాను.

అంగట్లో మనుషులు ఉండగానే, ఎదురంగడి దాకా వినపడేలా, "తప్పు నాదప్పా. నలుగురిలో అట్ల చూపించకూడదు" అంది.

"కూర్చోమ్మా" అన్నారు ఆవులప్ప. "నువ్వు చూపిచ్చింది అబద్ధమేం కాదు కదా. మిల్లువాడు నన్నూ మోసం చేసినాడు. ఆ సరుకంతా వాపసు పంపిచ్చినా."

టీ తెప్పించారు. అంగట్లో రద్దీ తగ్గాక మెల్లగా అన్నారు: "ఆ గుడ్డ తెచ్చి నా చేతికిచ్చింటే, నేనే నలుగురికీ చూపిచ్చి, నా దారం బాగలేదు, కొనొద్దండి అని చెప్పింటా. నా పేరు నిలిచుండేది."

మా వదిన చెయ్యి సంచిలోకి పోయింది. "ఇప్పుడిచ్చేదా అప్పా?"

"ఇప్పుడెందుకమ్మా. దొరికిపోయినాక చూపిస్తాండాడు అంటారు."

ఆమె గుడ్డ బయటికి తీయలేదు. చల్లారిపోయిన టీని అలాగే తాగింది.